రైలుండగా పడవెందుకు?

మంగళగిలో మా ఇంట్లో కరెంటు పోయిన ప్రతి రాత్రీ అమ్మ పడవ ఎక్కేది. మేం నలుగురు పిల్లలం చాప మీద, ఆవిడ గడప మీద. "మేం నిడదవోలులో పడవెక్కేం..." అని మొదలుపెడితే కరెంటు వచ్చేదాకా దిగేది కాదు. ఒక్కోసారి కరెంటు వచ్చినా మేమే దీపం ఆర్పేసి కూర్చునేవాళ్లం.

బీదరు జిల్లా పిల్లలకి పడవంటే ఏం తెలుస్తుంది? మాకు తెలిసిన నీళ్లు బావి అడుగున ఉండేవి. చేద వేస్తే ఎంతసేపటికో చప్పుడు వినిపించేది. కంది, జొన్న, పెసర పండే నేల మాది, వానని నమ్ముకున్న నేల. బీదరు పట్నం దగ్గర నౌబాదులో బహమనీల కాలంనాటి సురంగ బావులున్నాయి. భూమి కింద సొరంగం తవ్వి నీళ్లు పారించిన ఏర్పాటు అది. మా జిల్లాలో నీళ్లు అలా దాక్కుని పారతాయి. అలాంటిచోట కూచుని ఒకావిడ, నీళ్లు నేల మీద నిండుగా పారుతుంటే వాటి మీద ఇల్లు కదిలినట్టు కదిలిపోయామని చెప్తే నేను చక్రాల్లేని ఎడ్లబండిని ఊహించుకునేవాణ్ని.

అమ్మ కథ ఇదీ. 1951, మాఘమాసం. అమ్మకి తొమ్మిదేళ్లు, మా మామయ్యకి మూడు. రాజమండ్రి వైపు నుంచి బెజవాడ పోయే పెంకుల పడవ. ముందు భాగమంతా పెంకులు, కొబ్బరికాయలు. వెనక తడికల గూడు కింద వీళ్ల సామాను: ట్రంకు పెట్టె, ఇత్తడి బిందెలు, రెండు బస్తాల ధాన్యం, తులసి కుండీ. నాలుగు రోజుల ప్రయాణం. ఊరొచ్చినచోటల్లా పడవ ఆగేది. తాతయ్య అమ్మ చెయ్యి పట్టుకుని గట్టెక్కి ఎవరో ఒక చుట్టాలింటికి తీసుకెళ్లేవాడు. ఒకచోట బెల్లంముక్క, ఒకచోట కాల్చిన తేగలు, ఒకచోట జున్ను. భీమడోలులో తాతయ్య మేనత్త అమ్మని వొళ్లో కూచోబెట్టుకుని రెండు చేతులకీ ఎర్రగాజులు తొడిగింది. అమ్మమ్మ మాత్రం దిగేది కాదు. మామయ్యని పక్కన పడుకోబెట్టుకుని, పడవలోనే మట్టి పొయ్యి మీద అన్నం వండుతూ ఉండేది. వీళ్లు తిరిగొచ్చేసరికి వేడన్నం.

లాకుల సంగతి చెప్పేటప్పుడు అమ్మ లేచి నిలబడేది. పడవ ఒక నీటి గదిలోకి వెళ్తుంది. వెనక తలుపులు మూస్తారు. ముందు తలుపుల్లోంచి నీళ్లు వదులుతారు. పడవ మెల్లిగా కిందికి దిగుతుంది, మెట్టు దిగినట్టు. అప్పుడు ముందు తలుపులు తీస్తారు. ఏలూరు దాటాక ఇదే తిరగబడుతుంది, పడవ మెట్టెక్కుతుంది. ఇది అమ్మ చేతులతో చేసి చూపించేది. తలుపులు తనే, పడవా తనే.

అన్నిటికన్నా అమ్మకిష్టమైంది ఏలూరు తర్వాతి భాగం. అక్కణ్నుంచి పడవ నెమ్మదైపోయింది. కళాసీలు గట్టు మీదికి దిగి తాడు భుజానికి తగిలించుకుని లాగేవారు. తాతయ్య కూడా కండువా తీసి నడుముకి బిగించి వాళ్లతో కలిసి తాడు పట్టాడు. "మా నాన్న తాడు లాగుతుంటే నేను పడవలో రాణీలా కూచుని తేగల తొక్కలు విసిరేదాన్ని రా. ఎంత నవ్వేమో!" అనేది. బెజవాడలో ఏలూరు లాకుల దగ్గర దిగారు. "అక్కడ రైలెక్కేం. అంతే." కథ ఎప్పుడూ అక్కడే అయిపోయేది.

ఎనిమిదో తరగతిలో భూగోళం మాస్టారు రైలు మార్గాల పటం గీయించారు. మద్రాసు–హౌరా లైను గీస్తుంటే దాని మీద నిడదవోలు, తాడేపల్లిగూడెం, ఏలూరు, బెజవాడ వరసగా వచ్చాయి. అమ్మ పడవ ఊళ్లే! సాయంత్రం ఇంటికొచ్చి అడిగాను, "అక్కడ రైలుంది కదా, రైలుండగా పడవెందుకు ఎక్కారు?" అని.

"సరదాకి రా. మా నాన్నకి పడవంటే ఇష్టం," అంది అమ్మ.

వసారాలో చుట్ట కాలుస్తున్న తాతయ్య, "సామాను ఎక్కువయింది," అన్నాడు.

రెండు జవాబులు వచ్చాయని అప్పుడు నాకు తోచలేదు. అమ్మమ్మ ఏమీ అనలేదు, కందులు చెరుగుతూ ఉంది.

నా అనుమానం మాత్రం నిజమైందే. ఆ కాలవలకి బీజం సర్ ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం దగ్గర 1847లో మొదలుపెట్టి 1852లో ముగించిన ఆనకట్ట. బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట 1855 నాటికి అయింది. ఈ కాలవల్ని పొలాలకి నీళ్లివ్వడంతో పాటు పడవలు నడవడానికీ తవ్వారు, లాకులు కట్టింది అందుకే. ఈ దేశానికి రైలు కన్నా నీటి దారే చవక అని కాటన్ చివరిదాకా వాదించాడు. ఆ వాదన నెగ్గలేదు. 1890ల్లోనే ఏలూరు కాలవ పక్కనే రైలు పట్టాలు పడ్డాయి. ఇటు కాలవ, అటు రైలు, మధ్యలో పొలాలు. రైలు పూటలో తీసుకెళ్లే దూరానికి పడవ నాలుగు రోజులు తీసుకునేది. 1951 నాటికి జనం రైలే ఎక్కుతున్నారు. పెంకులు, ఇటుకలు, కొబ్బరి, ఊక, కర్ర లాంటి తొందర లేని సరుకులకి పడవలు. మనుషులు వాటి మీద వెళ్లారంటే వాళ్లకీ తొందర లేదన్నమాట, లేకపోతే వేరే కారణం ఉండాలి.

పాలగుమ్మి పద్మరాజు గారిది 'పడవ ప్రయాణం' అని ఒక కథ ఉంది. కాలవ మీద రాత్రి పడవలో జరుగుతుంది. దాని ఆధారంగానే 1995లో 'స్త్రీ' సినిమా తీశారు. హైదరాబాదు నుంచి ఆ పుస్తకం తెచ్చిస్తే అమ్మ చదివి, "పడవ అదే. మనుషులే వేరు. మాది సంతోషంగా వెళ్లిన ప్రయాణం," అంది.

తాతయ్య 1984లో పోయాడు. 2016లో పాత ఇల్లు విప్పి కట్టేటప్పుడు అటక మీది ట్రంకు పెట్టెలో ఒక చిట్టా పుస్తకం దొరికింది. చేతిలో పట్టేంత పుస్తకం, అంచులు పురుగు కొట్టింది. మొదటి పేజీల్లోనే నిడదవోలు, గూడెం, పుల్ల, భీమడోలు, ఏలూరు, బెజవాడ. పడవ ప్రయాణం తాలూకు లెక్క!

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. నేను తెలుగు చదవగలను, కానీ అచ్చు అక్షరాలే. బడిలో చదివింది కన్నడం. తెలుగు అమ్మ ఇంట్లో పెద్ద బాలశిక్షతో నేర్పింది. కన్నడ లిపి మన లిపికి చెల్లెలే కాబట్టి పని జరిగిపోయింది. కానీ తాతయ్యది గొలుసుకట్టు రాత. అక్షరానికి అక్షరం తగిలించి, కలం ఎత్తకుండా లాక్కుపోయేవాడు. ఊళ్ల పేర్లు తెలిసినవి కనక పట్టుకున్నాను. అంకెలు తెలిశాయి. మిగతావి ముగ్గులా కనిపించాయి. మా పిల్లలకయితే ముగ్గులా కూడా కనిపించలేదు. వాళ్లకి అచ్చు తెలుగే కష్టం. ఊరి పేరు పక్కన నలభై, ఇరవై అయిదు ఉంటే ఖర్చు రాసుకున్నాడనుకున్నాను. భోజనాలకీ, గాజులకీ, పిల్లకి కొనిపెట్టినవాటికీ. 1951లో గాజులకి నలభై రూపాయలేమిటని అప్పుడైనా అనుమానం రావాల్సింది.

అమ్మకి డెబ్బై ఏడొచ్చాయి. మోకాళ్లు అరిగాయి. ఇంకా ఆలస్యం చేస్తే లాభం లేదని 2019 జనవరిలో సంక్రాంతి వెళ్లాక బయల్దేరాం, అమ్మ, నేను, మా ఆవిడ. వేసవిలో అయితే మరమ్మతులకి కాలవలు కట్టేస్తారు, ఎండిన కాలవ చూపించడానికి అంత దూరం తీసుకెళ్లడమెందుకని జనవరి ఎంచుకున్నాను. మా దగ్గరి మన్నాఎఖెల్లి మీదుగా పోయే హైవే విచిత్రమైంది. పుణె నుంచి మా వైపుగా వచ్చి, జహీరాబాదు, హైదరాబాదు, సూర్యాపేట దాటి సరాసరి బెజవాడకే పోతుంది, ఆపైన బందరుకి. అంటే అమ్మ అన్నేళ్లూ ఆ రోడ్డు పక్కనే బతికింది. దాని మీద కూచుని తిన్నగా పోతే ఏలూరు కాలవ మొదలు వచ్చేస్తుంది. "మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం?" అంది అమ్మ, నేనేదో దాచినట్టు.

నిడదవోలులో పడవల రేవు ఎక్కడని అడిగితే చిన్నవాళ్లెవరికీ తెలియలేదు. ఒక పెద్దాయన కాలవ గట్టున ఒకచోట చూపించి, "ఇక్కడ కట్టేవారండి, మా చిన్నప్పుడు ఇసక పడవలు కూడా వచ్చేవి," అన్నాడు. కాలవ నిండుగానే ఉంది. ఒక చాకలి బండ, గుర్రపుడెక్క తుట్టెలు, ఒక ప్లాస్టిక్ కుర్చీ తలకిందులుగా తేలుతూ. అమ్మ నీళ్లని కాసేపు చూసి, "సన్నబడింది," అంది. కాలవ సన్నబడిందో, తొమ్మిదేళ్ల కళ్లకి అప్పుడు వెడల్పుగా కనపడిందో. ఈ కాలవంతా, ఇంకా కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా ఉన్న వరసంతా 2008లో జాతీయ జలమార్గం–4 అయింది. కాయితాల మీద ఏలూరు కాలవది అందులో 139 కిలోమీటర్లు. మేం వెళ్లిన మూడు రోజుల్లో దాని మీద ఒక్క పడవా కనపడలేదు.

తాడేపల్లిగూడెంలో చుట్టాల ఇల్లు ఉన్నచోట మూడంతస్తుల బట్టల కొట్టుంది. అమ్మ ఒక చీర కొనుక్కుంది, ఊరికే వచ్చామనిపించుకోకూడదని. గూడెం దాటాక పుల్ల, భీమడోలు దాకా రోడ్డూ కాలవా చాలాచోట్ల పక్కపక్కనే పోతాయి. కారు అద్దం దించి, అమ్మ నీళ్లని చూస్తూ కూచుంది. కొల్లేటి వైపు నుంచి కొంగలు వరసగా పోతున్నాయి. ఆ గంటసేపూ ఆవిడ నిజంగా పడవలోనే ఉంది. కారుని వెనకనుంచి హారన్ కొట్టేవాళ్లందర్నీ మొహం చిట్లించుకుని చూసింది. నేను కూడా ముప్ఫై దాటించలేదు.

భీమడోలు దగ్గర కాలవ గట్టున టీకొట్టు బల్ల మీద కూచున్నాం. మేనత్త ఇల్లు ఎటువైపో తేల్చుకుందామని అప్పుడు ఆ చిట్టా పుస్తకం తీసి అమ్మ చేతికిచ్చాను. అప్పటిదాకా ఆవిడకి చూపించలేదు. అక్కడికెళ్లాక చూపించి ఆశ్చర్యపరుద్దామని నా సరదా. "చదువమ్మా, ఎక్కడెక్కడ ఏమేం కొన్నాడో."

అమ్మ కళ్లజోడు సవరించుకుని గట్టిగానే మొదలుపెట్టింది. గొలుసుకట్టు ఆవిడకి నీళ్లు తాగినంత.

"గూడెం. పెదనాన్నగారి అబ్బాయి. ఇంట్లో లేడన్నారు. చెప్పులు గుమ్మంలోనే ఉన్నాయి."

ఆగింది. మళ్లీ చదివింది, ఈసారి మెల్లిగా.

"పుల్ల. అడగలేదు. వాళ్లకే లేదు."

"భీమడోలు. మేనత్త. 40. పిల్లకి గాజులు."

"ఏలూరు. మేనమామ వరస. వంద అని 25. మాట పడ్డాను."

ఇక పైకి చదవలేదు. పెదవులు మాత్రం కదిలాయి. టీ చల్లారిపోయింది. మా ఆవిడ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. నేను ఆ పుస్తకాన్ని మూడేళ్లు బీరువాలో పెట్టుకుని, చుట్టాలిచ్చిన అప్పుల పట్టికని విహారయాత్ర ఖర్చుల పట్టిక అనుకుని, దాన్ని మా అమ్మచేతే పైకి చదివించాను.

తాతయ్య ఒక చుట్టానికి హామీ సంతకం పెట్టిన సంగతి మాకు లీలగా తెలుసు. ఆ చుట్టం ఊరొదిలేస్తే పొలం పోయిందనీ తెలుసు. నైజాం వైపు నేల చవక అని అప్పటికే కోస్తా రైతులు చాలామంది నిజాంసాగర్ కింద చేరారు, తాతయ్య కూడా అటే వెళ్లాడు. అదంతా వేరే కథగా, పెద్దవాళ్ల కథగా వినేవాళ్లం. పడవ కథ పిల్లల కథ. రెండూ ఒకే నాలుగు రోజులని మాకెవరూ చెప్పలేదు. రైలైతే ఈ ఊళ్లన్నీ దాటి పోతుంది. చుట్టాలుండే ప్రతి ఊళ్లోనూ దిగి, తొమ్మిదేళ్ల పిల్లని వెంటబెట్టుకుని గుమ్మం ముందు నిలబడాలంటే పడవే ఎక్కాలి. పిల్లని ఎందుకు తీసుకెళ్లాడో నేను ఊహించగలను. మీరూ ఊహించగలరు.

చాలాసేపటికి అమ్మ అన్నమాట: "అందుకా అమ్మ దిగలేదు."

ఇంకాసేపు ఆగి, ఉన్నట్టుండి కోపం తెచ్చుకుంది. "చెప్పులు గుమ్మంలో పెట్టుకుని లేనన్నవాడు నా పెళ్లికొచ్చి మూడు రోజులు తిన్నాడు రా! మంగళగి దాకా వచ్చి! మా నాన్న పంచెల చాపు పెట్టి పంపించాడు!" అమ్మ పెళ్లి 1960లో. నాన్న ఇల్లరికం వచ్చారు. ఆ పెళ్లి ఫోటోలో ఆయన ఉన్నాడు, మొదటి వరసలో. ఇంటికెళ్లాక ఫోటో తీసెయ్యమంటుందేమోనని భయపడ్డాను. అనలేదు.

ఏలూరులో అమ్మ కారు దిగనంది. దిగకపోయినా ఆ ఊరి సంగతి ఒకటి చెప్పాలి. ఈ కాలవ నిజానికి రెండు కాలవలు. గోదావరి నీళ్లు విజ్జేశ్వరం నుంచి నిడదవోలు, గూడెం మీదుగా ఏలూరు వైపు పారతాయి. కృష్ణ నీళ్లు బెజవాడ నుంచి ఏలూరు వైపు పారతాయి. రెండూ ఏలూరులో కలుస్తాయి. అంటే నిడదవోలు నుంచి ఏలూరు దాకా పడవ వాలు మీద పోతుంది, తాడు అవసరం తక్కువ. ఏలూరు నుంచి బెజవాడ దాకా అరవై కిలోమీటర్లూ ఎదురు నీరు. గాలి తోడు లేకపోతే తెరచాప పనిచెయ్యదు, గడ వేసినా చాలదు, గట్టు మీద మనుషులు లాగాల్సిందే. లాకులు అక్కణ్నుంచి మెట్టెక్కేవి కావడానికీ ఇదే కారణం. అమ్మ చేతుల ఆటలో ఇంజనీరింగ్ తప్పు ఒక్కటీ లేదు.

ఆ రాత్రి బెజవాడలో లాడ్జిలో అమ్మ నిద్రపోయిందనుకున్నాను. చీకట్లోంచి, "ఇంకా ఉందిరా, మిగతాది నేను చదివేశాను," అంది.

ఏలూరు పక్కన తాతయ్య రాసుకున్నది ఇంకో రెండు వరసలు. "ఇక చుట్టాలు లేరు. కూలి బదులు తాడు పడతానన్నాను. సరంగు వద్దన్నాడు. అయినా పట్టాను."

దాని కింద: "సరంగు కూలి తీసుకోలేదు. బాకీ 12."

తేగల తొక్కల సంగతి మేమిద్దరం ఎత్తలేదు.

మిగతా పుస్తకం మంగళగికి తిరిగొచ్చాక అమ్మే చదివి వినిపించింది. రోజుకో పేజీ, మధ్యాన్నం భోజనాలయ్యాక. వచ్చిన అరవై అయిదు రూపాయల్ని తాతయ్య హైదరాబాదు లెక్కలోకి మార్చి రాసుకున్నాడు. అప్పట్లో మన ఆరు రూపాయలకి ఏడు హాలీ రూపాయలు, కాబట్టి 75 రూపాయల 13 అణాలు. పక్కన చిన్నగా "పెరిగింది" అని ఉంది. పరిహాసానికి రాశాడో, ధైర్యానికి రాశాడో. అరవై అయిదుతో మాగాణి ఎలా వస్తుంది? నాలుగేళ్లు నిజాంసాగర్ కింద కౌలు చేశాడు. 1955లో ఇంకా చవకైన మెట్ట వెతుక్కుంటూ మంగళగి చేరాడు. మరుసటి ఏడు నవంబరులో రాష్ట్రాలు పంచారు. మా పాత బీదరు జిల్లా మూడు ముక్కలై ఒకటి ఆంధ్రకీ, ఒకటి బొంబాయికీ, మేమున్నది మైసూరుకీ వెళ్లాయి. జహీరాబాదు అటుపోయింది. కొంచెం తూర్పుకి జరిగి కొనుక్కుని ఉంటే మేం కన్నడం బడిలో చదివేవాళ్లం కాదు, నేను గొలుసుకట్టు నేర్చుకునేవాణ్నేమో.

1956 నుంచి పేజీల్లో మనీయార్డర్లు. మొదట తీర్చింది భీమడోలు నలభై కాదు, ఏలూరు పాతిక. మాట పడ్డది కదా, అది ముందు. భీమడోలుది మూడు విడతల్లో 1959కి అయిపోయింది. ఆఖరి విడతలో అయిదు రూపాయలు ఎక్కువుంది. పక్కన "గాజులు" అని రాసుంది. అది అమ్మ చదవలేకపోయింది, కళ్లజోడు తీసి తుడుచుకుంటుంటే నేనే కూడబలుక్కున్నాను. నేను చదివిన మొదటి గొలుసుకట్టు మాట అదే. తర్వాత అమ్మ దగ్గర కూచుని నేర్చుకున్నాను. ఇప్పుడు నాకు తాతయ్య రాత వచ్చు, మిగతా ప్రపంచం రాసింది రాదు.

ఈ మధ్య మా మనవరాలు పడవ కథ అడిగితే అమ్మ చెప్పింది. లాకులు చేతులతో చేసి చూపించింది. తేగలు, జున్ను, ఎర్రగాజులు అన్నీ ఉన్నాయి. అమ్మమ్మ పడవలో వంట చేస్తూనే ఉంది. ఏలూరు దగ్గరికొచ్చేసరికి "నిద్దరొస్తోంది" అని ఆపేసింది. పిల్ల ఊరుకోలేదు, "తర్వాత?" అంది. "తర్వాత మా నాన్న దిగి నడిచాడు," అంది అమ్మ.

ఇంక పన్నెండు రూపాయలు మిగిలాయి. పుస్తకం చివరిదాకా వెతికాం, సరంగు పేరున తీర్చినట్టు ఎక్కడా లేదు. పేరే రాయలేదు, ఎక్కడికి పంపుతాడు? ఉత్త "సరంగు" అని. కిందటేడు నేనొక్కణ్నీ మళ్లీ నిడదవోలు వెళ్లి కాలవ మీద లస్కరుగా చేసి రిటైరైన ఒకాయన్ని పట్టుకున్నాను. "పెంకుల పడవలా? ఒకటా రెండా సారూ," అని నవ్వేశాడు. ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం దాకా వెళ్లి వచ్చాను. అక్కడ ఆనకట్ట నమూనాలున్నాయి గానీ సరంగుల పేర్లు ఎవరు రాసిపెడతారు?

అందుకని ఇక్కడ రాస్తున్నాను. మీలో చాలామంది ఇళ్లు గోదావరి, కృష్ణ కాలవల మీంచి లేచి వచ్చినవే. ఎవరి తాతయినా 1951 ప్రాంతంలో రాజమండ్రి వైపు నుంచి బెజవాడకి పెంకులు, కొబ్బరికాయలు తోలిన పడవ సరంగు అయి ఉంటే, నిడదవోలులో ఇద్దరు పిల్లలున్న కుటుంబాన్ని ఎక్కించుకున్నట్టు ఎప్పుడైనా చెప్పి ఉంటే మాకు తెలియజెయ్యండి. అమ్మకి గుర్తున్న ఆనవాలు ఒకటే. ఆయనకి ఎడంచేతి చిటికెన వేలు లేదు, ఆ చేత్తోనే చుక్కాని పట్టేవాడు. రాత్రిళ్లు అమ్మకి చుక్కలు చూపించి పేర్లు చెప్పేవాడు.

పన్నెండు రూపాయలు మా దగ్గర ఉన్నాయి. వడ్డీ సంగతి అమ్మే మాట్లాడుతుందట.